బాపు పిలవని పావురం

ఇవాళ పొద్దున్న విమానం తలుపు తీయగానే వానజల్లుకు తడిసిన సజ్జల మూట వాసన గుప్పుమంది. విమానమంటే పెద్దగా ఊహించుకోకండి. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది, ఎదురుగాలికి ఇంజను ఆయాసపడుతుంది, రెక్కలున్న ఆటో అనుకోండి. రోడ్డు లేని కొండ ఊళ్లకు మందులూ గింజలూ దాంట్లోనే మోస్తాను. ఆ వాసన తగలగానే మాత్రం నేను ఫలక్‌నుమాలో మా మిద్దె మీద ఉన్నాను.

ఎండాకాలం సాయంత్రాలు నీళ్లు చల్లిన మిద్దె నుంచి లేచే ఆవిరి, కింద వర్క్‌షాపుల్లో ఇనుము కోసే చప్పుడు, రంజాన్ నెలైతే సందు చివరి నుంచి హలీం ఘుమఘుమ, లోకల్ రైలు కూత, వీటన్నిటి పైన మా బాపు, అంటే నాన్న, పెంచే పావురాలు. లేత్ మిషన్ పని ముగించుకొచ్చి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా బాపు నిచ్చెన ఎక్కేవాడు.

"నాకన్న పావురాలే ఎక్కువాయె నీకు. ఉతికిన బట్టల మీద అన్నీ రెట్టలే!" అని అమ్మ కింది నుంచి లొల్లి పెట్టేది. అయినా ఆ బట్టలు తీయనిచ్చేవాడు కాదు. గాలి ఎటు వీస్తుందో ఆయనకు చెప్పేవి అమ్మ చీరలే.

నా అరచేతిలో సజ్జలు తిని పెరిగిన తెల్లపావురాన్ని మొదటిసారి ఎగరేసిన సాయంత్రం, ఉన్నట్టుండి గాలి లేచింది. ఎదురు మిద్దె చాచా ఈల వేస్తూ గింజలు చల్లసాగాడు. పరాయి మిద్దె మీద వాలిన పావురం ఆ మిద్దెవాళ్లదే. మా దగ్గర అదే రివాజు, మళ్లీ అడగడానికి లేదు. నేను దాన్ని పిలవబోతే బాపు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిలవకు బిడ్డా. ఇప్పుడు పిలిస్తే గాలి ఎన్కకెల్లి తోస్తది, మన మిద్దె దాటి సీదా చాచా దగ్గర పడ్తది. ఇంకో చక్కర్ కొట్టనీ."

"పోతే?"

"పోతే పాయె. రెక్క ఇరగకుంట దిగాలె, గంతే."

పావురం చాచా మిద్దె వైపు ఒరిగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది కరెంటు తీగల మీదుగా చుట్టు తిరిగి, గాలికి ఎదురొచ్చి, మెల్లగా మా పిట్టగోడ మీద దిగుతోంది. ఏడ్చేశాను. బాపు వంగి, "వచ్చినవా బిడ్డా?" అని దాన్ని పలకరించాడు. దిగిన ప్రతి పావురాన్నీ అలాగే పలకరించేవాడు. దిగేదాకా ఒక్కదాన్నీ పిలిచేవాడు కాదు.

ఇవాళ దిగాల్సిన గడ్డి రన్‌వే కూడా పొట్టిదే, చివర బండ ఉంది కనుక ఒకవైపు నుంచే దిగాలి. దిగబోతూ గురి తప్పితే మధ్యలోనే మళ్లీ పైకి లేచే బలం నా ఇంజనుకు లేదు. కింద ఎవరో ఒకామె కాన్పు కష్టమై మందు కోసం ఎదురుచూస్తోంది, త్వరగా దిగమని రేడియోలో ఒకటే పిలుపు. రన్‌వే పక్కనున్న ఇంటి దండెం మీద బట్టలేమో గాలి నా వెనకే ఉందని చెబుతున్నాయి. రేడియో పిలుస్తున్నా గాలి తిరిగేదాకా చక్కర్లు కొట్టి అప్పుడే దిగాను. మందు అందింది.

మా మిద్దె ఇప్పుడు లేదు. ఆ చోట లేచిన అపార్ట్‌మెంటు మీద నల్లటి నీళ్ల ట్యాంకులు, చాచా మిద్దె మీద సెల్ టవర్. నేను విమానం నడపడం చూడకుండానే బాపు పోయాడు; ఆ దిగులు నాకు తీరేది కాదు. ఇవాళ రన్‌వే దగ్గరికి వచ్చినవాళ్లంతా మందు పట్టుకుని పరుగెత్తాక, ఇంజను ఆపి సీట్లోనే కాసేపు కూర్చున్నాను. అనేవాళ్లు ఎవరూ లేరు కనుక, ఆ మాట నేనే పైకి అనుకున్నాను.

"వచ్చినవా బిడ్డా?"