ఆవ్రో దిగాల్సిన పూట నేను తిప్పిన సైరన్

మొన్న చాయ్ తాగుతూ పేపర్ తిరగేస్తుంటే, వాయుసేనలో మిగిలిన పాత ఆవ్రో విమానాలు ఒక్కొక్కటిగా కొలువు చాలిస్తున్నాయని లోపలి పేజీలో ఓ మూల చిన్న వార్త కనిపించింది. ఇంకా ఎగురుతున్నాయా ఇవి అని మనుమడు నవ్వాడు గానీ, నేను మాత్రం ఆ వార్త మీదే కళ్లు పెట్టి, చాయ్ చల్లారేదాకా అట్లాగే కూర్చుండిపోయాను.

మా గోదావరిఖని వైపు నా ఈడు వాళ్లకు ఆ విమానం గుర్తుండే ఉంటుంది. రెండు రెక్కలకు రెండు పంకాలు, నలభై మందికి పైగా పట్టే పొట్ట, చెవులు చిల్లులు పడేంత ఈల. నేను లాగులు తొడుక్కునే రోజుల్లో అది పెద్ద పెద్ద పట్టణాల మధ్య దర్జాగా తిరిగిందట. జెట్లు వచ్చాక దాన్ని అడిగేవాళ్లు తగ్గి, రిటైరుకు దగ్గరపడ్డ పంతులును మారుమూల బడికి వేసినట్టు, చివరి రోజుల్లో మా రామగుండం ఏరోడ్రంకు కూడా పంపారు. అది దిగుతుంటే చూడ్డానికి కమాన్‌పూర్ నుంచి బండ్లు కట్టుకొని, సద్దిమూటలతో వచ్చేవాళ్లు.

ఆ ఏరోడ్రంలో నేను వాచ్‌మన్‌ను. కంచె ఉండేది గానీ ఎక్కడికక్కడ తెగిపోయి పేరుకే ఉండేది. విమానం వచ్చే ముందు చేతితో తిప్పే సైరన్‌ను మూడుసార్లు ఆపి ఆపి మోగిస్తే, చుట్టుపక్కల మేపుకునేవాళ్లు తమ బర్రెల్ని రన్‌వే మీది నుంచి తోలుకుపోవాలి. ఆపకుండా మాత్రం ఎన్నడూ తిప్పకూడదు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు, చెప్పనక్కర లేదు కూడా. మా దగ్గర ఆపకుండా సైరన్ మోగిందంటే బొగ్గుబాయిలో పైకప్పు కూలి మనుషులు లోపల చిక్కుకున్నారని అర్థం. మా పెద్దనాన్న అట్లాంటి సైరన్ మోగిన రోజే పోయాడు. ఆయన కొలువు కొడుక్కి వచ్చింది, ఆ తమ్ముడు కూడా అదే బాయిలో దిగేవాడు. పెద్దమ్మ నాలుగు బర్రెల్ని పెట్టుకొని ఏరోడ్రం పక్కనే మేపేది.

ఆ రోజు ముసురు. మబ్బు నేల మీదికి దిగినట్టుంది. విమానం ఈల వినిపిస్తోంది గానీ ఎటు నుంచో తెలియడం లేదు, పెద్దమ్మ బర్రెలు నాలుగూ తడిసిన తారు మీద తారులో కలిసిపోయి నిలబడ్డాయి, పైనున్నవాడికి అవి కనబడే మాటే లేదు. మూడుసార్లు మోగించాను. గొంగడి కప్పుకొని గట్టు కింద కూర్చున్న పెద్దమ్మకు వినబడిందో లేదో, లేవలేదు. ఈల దగ్గరైంది. నలభై మంది ప్రాణాలు నా కళ్ల ముందే పోతాయన్న భయంలో నా చెయ్యి నా మాట వినలేదు, ఆపకుండా తిప్పుతూనే ఉన్నాను.

పెద్దమ్మ ఒక్క ఉదుటున లేచింది. గొంగడి, కట్టె అక్కడే పారేసి, బర్రెల వైపు కాదు, బాయి వైపు ఉరికింది. బర్రెల్ని తోలాల్సిన మనిషిని నా చేతులతో నేనే తరిమేశానని అప్పుడు తెలిసింది. అంగీ విప్పి ఊపుతూ, అరుస్తూ రన్‌వే మీదికి ఉరికాను. ఒకదాని తోక మెలిపెట్టి, ఇంకోదాన్ని బూటుకాలితో తన్ని, ఎట్లా తోలానో దేవుడికే తెలియాలి, నాలుగోది గడ్డిలోకి దిగేసరికి విమానం నా నెత్తి మీది నుంచే వెళ్లి దిగింది. దిగినవాళ్లు గొడుగులు విప్పుకొని, ఏమీ ఎరగనట్టే వెళ్లిపోయారు.

వెంటనే సైకిలెక్కాను. బాయి గేటు దగ్గర మా పల్లె ఆడవాళ్లు పదిమంది దాకా వానలో నిలబడి ఉన్నారు. తప్పు నాదేనని అందరి ముందూ చెప్పుకుంటే, కొందరు తిట్టి పోయారు, ఒకామె మట్టి ఎత్తి పోసింది. పెద్దమ్మ మాత్రం కదలలేదు.

"నేనే తిప్పిన పెద్దమ్మా. బాయిల ఏం కాలె, నడువు ఇంటికి," అన్నాను.

"మీ పెద్దనాయిన పోయిన నాడు గూడ గిట్లనే అన్నరు బిడ్డా," అంది ఆమె గేటు మీది నుంచి చూపు తిప్పకుండా. "ఏం కాలె, ఇంటికి పో అన్నరు. పోయిన. వండిన గూడ."

నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. మొదటి షిఫ్టు దిగి మనుషులు పైకి రావడానికి ఇంకా రెండు గంటలుంది. చిత్రమేమిటంటే, సైరన్ తిప్పిన నొప్పి నా భుజంలో ఇంకా ఉండగానే, కాసేపటికి నాకూ అనుమానం మొదలైంది. లోపల నిజంగా ఏమన్నా అయిందేమో, గేటు దగ్గరి మనిషి మా కళ్లలోకి ఎందుకు చూడడం లేదో అని ఆమెకన్నా ఎక్కువగా భయపడ్డాను.

షిఫ్టు దిగింది. తమ్ముడు మసిమొహంతో బయటికొచ్చి, "ఏందే అవ్వా, గిట్ల కూసున్నవ్?" అన్నాడు. పెద్దమ్మ వాడి చేతులు రెండూ వేలు వేలునా తడిమి చూసింది. తర్వాత నా వైపు తిరిగి వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచి, అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు ఆ విమానం లేదు, రన్‌వే నిండా గడ్డి మొలిచింది. లోపలికి దిగే బాయిలు చాలావరకు మూతపడి, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులొచ్చాయి, పెద్దమ్మ పోయి కూడా చాలా కాలమైంది. నా కొడుకు ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు, షిఫ్టు దిగగానే బయలుదేరానని ఫోన్ చేస్తాడు. ఆ రోజుల్లో మాకు ఇట్లాంటి ఒక్క మాట అందే దారి ఉంటే ఎంతమంది ఆడవాళ్లు ఆ గేటు దగ్గర నిలబడే పని తప్పేదో అనుకుంటాను. ఫోన్ వచ్చింది కదా, అన్నం తినండి మామా అంటుంది కోడలు. సరేనని పళ్లెం ముందు కూర్చుంటాను గానీ, వాడి బండి వాకిట్లో ఆగేదాకా నాకు ముద్ద దిగదు.