సరోజత్త కాచిన నూనె

మొన్న మా అమ్మాయి తన పసిబిడ్డకు ఒళ్లు రుద్దడానికని ఫోన్లో ఆర్డరు పెట్టి ఒక నూనె సీసా తెప్పించింది. మూత తీయగానే మరువం, వట్టివేళ్ల వాసన గదంతా కమ్ముకుంది. వాసనకు వంక పెట్టను, నా ఒళ్లు మండింది సీసా మీది బొమ్మకు. తలనిండా మల్లెపూలు, నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టుకున్న ఒక ముసలావిడ పొయ్యి ముందు కూర్చుని నవ్వుతోంది, కింద "మన ఇంటి ప్రేమ" అని రాసి ఉంది. ప్రేమంట! మా ఇంట్లో నూనె కాచిన మనిషి తలలో పువ్వు లేదు, నుదుట బొట్టు లేదు, ఆ నూనె ఒక్క చుక్క ఒంటికి రాసుకునే హక్కూ లేదు.

ఆమె మా నాయన చెల్లెలు సరోజత్త. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు పోతే, ఇరవై ఏళ్లు నిండకుండానే వాషర్‌మెన్‌పేట్‌లోని మా ఇంటికి తిరిగొచ్చింది. దీపావళికి వారం ముందు నన్ను వెంటబెట్టుకుని నాటుమందుల అంగడికి పోయి, వట్టివేళ్లు, కచ్చూరాలు, తుంగముస్తలు ఒక్కొక్కటే వాసన చూసి, పాతబడినవి మొహమాటం లేకుండా వెనక్కి తోసి, మంచివి ఏరి తెచ్చి, మిద్దె మీద ఎండబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, రాత్రంతా నానేసి, పొద్దున్నే ఆ నీళ్లలో గానుగ నువ్వుల నూనె పోసి ఇత్తడి గిన్నెను సన్నటి సెగ మీద పెట్టేది. మధ్యాహ్నం దాకా అక్కణ్ణించి కదిలేది కాదు. నూనెలో ముంచిన వత్తిని వెలిగించి చూసేది. చిటపటమంటే ఇంకా నీళ్లున్నట్టు, నిదానంగా వెలిగితే కాగినట్టు. దించి, వేడి కాస్త తగ్గినాక మరువం, ఎండు రోజా రేకులు వేసి మూత పెట్టేది. ఆ వాసనకు పక్కింటి తమిళంవాళ్లు గోడ మీంచి తొంగిచూసి, వాళ్ల కోడలి పురిటికని ఒక సీసా అడిగి పట్టుకుపోయేవాళ్లు.

వడగట్టడం అయిందో లేదో మా అవ్వ, అంటే సరోజత్తను కన్నతల్లే, వచ్చి నిలబడేది. "శీకాయ పొడి ఏసి కడుగు" అనేది. అత్త మోచేతుల దాకా రుద్ది కడుక్కుని చేతులు చాపితే, అవ్వ ఆ అరచేతులను ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసేది. కాస్త మిగిలినా మళ్లీ కడగాలి. ఇంటిల్లిపాదికీ నూనె కాచిన చేతులు దొంగ చేతుల్లాగా చాపుకుని ఆమె నిలబడటం నేను ప్రతి ఏడూ చూశాను, అది కూడా పండగ పనుల్లో ఒకటనుకున్నాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, దీపావళి నాడు పెందలాడే నన్ను పీట మీద కూర్చోబెట్టి అత్త ఒళ్లంతా నూనె రుద్దింది. గిన్నెలో ఇంకాస్త మిగిలింది.

"నీకూ రాస్తా అత్తా."

"వద్దు పాపా" అంటూనే తల వంచింది. వద్దన్న మనిషి తల ఎందుకు వంచిందో ఆలోచించే వయసు కాదు నాది. నడినెత్తి నుంచి మెడ దాకా రాశాను. ఆమె కళ్లు మూసుకుని, ఊపిరి నిండా పీల్చుకుంటూ కూర్చుంది.

అవ్వ పసిగట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఎవురు రాసింది ఇది?" అని అరిచింది. నేను నోరు తెరవలేదు. "నేనేమ్మా రాసుకున్నా" అన్నది అత్త, నా వైపు చూడనైనా చూడకుండా. "ముండమోపికి వాసన నూనె కావాల్సొచ్చిందా" అని అవ్వ ఆమెను జుట్టు పట్టుకుని పంపు దగ్గరికి ఈడ్చుకుపోయి, చన్నీళ్లు కుమ్మరించి, శీకాయతో నెత్తి ఎర్రబడేదాకా మూడుసార్లు రుద్దింది. మా నాయన వరండాలో పేపరు చదువుతున్నాడు, ఆ పేపరు కిందికి దించలేదు. మా అమ్మ అరిసెల్లాంటి అధిరసాలు కాలుస్తోంది, ఆ గరిటె ఆగలేదు. వీధిలో టపాకాయలు పేలుతుంటే నేను కొత్త పావడా కట్టుకుని అధిరసం తిన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. మరుసటేడు కూడా నూనె అత్తే కాచింది.

అవ్వ పోయింది, నాయన పోయాడు, అమ్మా పోయింది. ఆ మిద్దె ఇంటిని కూలగొట్టి ఫ్లాట్లు కట్టారు. నా కోపం ఇంత పెరిగి పెద్దదయ్యేసరికి, నిలదీసి అడుగుదామంటే ఆ ఇంటి పెద్దల్లో ఒక్కరూ మిగల్లేదు. అత్త తిరువొత్తియూరులో మా తమ్ముడింట్లో ఉంటోంది. పోయిన దీపావళికి, గుర్తున్నంత మేరకు నేనే నూనె కాచి పట్టుకుపోయాను. "ఈ వయసులో నాకెందుకు పాపా ఇయ్యన్నీ" అంటున్నా వినకుండా కూర్చోబెట్టి, నెరిసి పలచబడిన ఆ తలకు దోసిళ్లతో పట్టించాను. వద్దనేవాళ్లు ఎవరూ లేరు.

ఆమె తల వంచింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది: "కరోనా వచ్చిపోయినకాడి నుంచి నాకు వాసనే తెలీటం లేదు పాపా. ఎట్టుండాదో నువ్వే చెప్పు."

మరువం, వట్టివేళ్లు, రోజా అని దినుసుల పేర్లే వరసగా చదివాను. "సరి, సరి" అని ఆమె తల ఊపింది.