పదిహేనులో ఒక మార్కు

బోటు మీద వల లాగుతుండగా తాడు తెగి, కప్పీ వచ్చి మా బావ తల పక్కన కొట్టింది. రక్తం పెద్దగా కారలేదు. ఒడ్డుకు వచ్చాక తన కాళ్లతోనే నడిచి ఆసుపత్రిలోకి వెళ్లాడు. స్కాన్ తీస్తే పుర్రె లోపల, మెదడు పక్కన కొంచెం రక్తం చేరిందని తేలింది. అప్పుడే కోయక్కర్లేదు, కొన్నాళ్లు కనిపెట్టి చూద్దాం అన్నారు. అక్కా నేనూ వార్డులో మకాం పెట్టాం.

నాది ఈ దీవుల్లోనే, ఫీనిక్స్ బే జెట్టీలో పని. ద్వీపాలకు వెళ్లే పడవల్లోకి సరుకు ఎక్కించేటప్పుడు బరువుల లెక్క చూస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతి లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నాను, పంచాంగం లెక్కతో సహా. అందుకని ఆ వార్డులో అంకెలు వినపడినప్పుడల్లా నా చెవి అటే పోయేది.

మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు మెయిన్‌లాండ్ నుంచి వచ్చినాయన. ఆయన దగ్గర పోస్టింగ్ పడిందంటే మెడికల్ స్టూడెంట్లకు జ్వరం వచ్చినంత పని. ఆయన రాకముందే వాళ్లు ఒక్కో బెడ్డు దగ్గరా రోగిని పరీక్షించి, వచ్చాక కాగితం చూడకుండా అప్పజెప్పాలి. వాళ్లు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మా బెడ్డు ఒక తెలుగమ్మాయికి వచ్చింది. ఇల్లు గోల్ ఘర్‌లో, పుట్టింది ఇక్కడే. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు డాక్టరు మొదటి ఉదయం.

"ఠీక్ హై సర్."

"ఠీక్ అనే మాట నా వార్డులో లేదు. నంబర్ బోలో."

రోగికి ఎంత తెలివి ఉందో చెప్పే మార్కులవి. కళ్లు తెరవడానికి కొన్ని, మాటకు కొన్ని, కాళ్లూ చేతులూ కదపడానికి కొన్ని, మొత్తం పదిహేను మార్కులు. అన్నిటికన్నా తక్కువ మూడు. ఏ కదలికా లేనివాడికి కూడా మూడు ఇచ్చే లెక్క ఎవరు కట్టారా అనుకున్నాను.

"పద్నాలుగు సర్. మాటలో ఒకటి పోయింది. తారీఖు అడిగితే నవమి అంటున్నారు. కన్‌ఫ్యూజ్ అవుతున్నారు."

ఆమె హిందీలో అప్పజెబుతున్నా, బావకు ఆ ఒక్క ఇంగ్లీషు మాటా తగిలింది. "కన్‌ఫ్యూజు నాకేటి? నవమి కాకపోతే మరేటి పాపా? డాక్టరు సదువు సదువుతన్నావు, తిథి తెల్దా నీకు?"

పక్క బెడ్డు ముసలాయన నవ్వాడు. వేట చేసేవాళ్లకు తారీఖుతో పనిలేదనీ, సముద్రపు పోటూ పాటూ తిథిని బట్టే నడుస్తాయనీ, ఆ రోజు నవమేననీ నేను చెప్పాను. డాక్టరు అమ్మాయి వైపు తిరిగాడు.

"నువ్వు ఈ ఊళ్లోనే పుట్టావు. తప్పు నీ ప్రశ్నది, అతని జవాబుది కాదు. రేపటి నుంచి తిథే అడుగు. కానీ అడిగే ముందు సరైన జవాబు నీకు తెలిసుండాలి."

మర్నాడు బావ అడక్కుండానే చెప్పాడు. "దశమి. రాసుకో." పదిహేనుకు పదిహేను వచ్చాయి. మధ్యాహ్నం చేపల పులుసు కావాలని అక్కతో తగువు పడ్డాడు. "మా లెక్కల బావమరిదిని అడుగు, ముల్లు తియ్యకుండా ఎన్ని ముక్కలు తినొచ్చో సెప్తాడు," అని నన్ను ఏడిపించాడు కూడా.

ఆ సాయంత్రం అమ్మాయి వరండాలో నా దగ్గరకు వచ్చింది. "తిథి ఎలా తెలుస్తుంది అంకుల్? ఫోన్‌లో చూస్తే చాలా? తప్పు చెప్తే సర్ పోస్టింగ్ మళ్లీ మొదట్నుంచీ చెయ్యమంటారు."

సూర్యుడు పొడిచేటప్పుడు ఏ తిథి ఉంటే రోజంతా దాన్నే చెప్పుకుంటామన్నాను. అయితే ఫోన్‌లో ఉండేదీ, మన ఇళ్లలో గోడకు వేలాడే పంచాంగంలో ఉండేదీ ఆంధ్రా సూర్యోదయం. ఇక్కడ మనకు అరగంట పైగా ముందే పొడుస్తాడు. ఆ సందులో తిథి మారిందంటే వాళ్లకొకటి, మనకొకటి. నేను మన సూర్యోదయానికి సరిచేసి చూసుకుంటాను గానీ, మనవాళ్లంతా పంచాంగంలో ఉన్నదే పాటిస్తారు. బావయితే నా సవరింపును చూసి నవ్వుతాడు.

"అలాంటి రోజు వస్తే?" అంది.

"ఎప్పుడో గానీ రాదమ్మా," అన్నాను.

మూడో ఉదయం బావను లేపడానికి ఆమె రెండుసార్లు భుజం తట్టవలసి వచ్చింది. కళ్లు తెరిచాడు.

"బాబాయ్, ఇయాళ ఏ తిథి?"

ఆయన చాలాసేపు ఆమె మొహంకేసి చూశాడు. "దశమి," అన్నాడు.

"నంబర్?" అన్నాడు డాక్టరు వెనక నుంచి.

అమ్మాయి నావైపు చూసింది. ఆ రోజు పంచాంగంలో ఏకాదశి. ఇక్కడి సూర్యోదయానికి మాత్రం దశమి ఇంకా కొద్ది నిమిషాలు మిగిలే ఉంది, అంటే నా లెక్కలో వరసగా రెండో రోజూ దశమే. నేను తెల్లవారకముందే చూసుకున్నాను.

"సరిగ్గానే సెప్పారు కదమ్మా," అంది అక్క. "నిద్రమత్తు, అంతే."

అలాంటి రోజే వచ్చిందని డాక్టరుకు చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "మీ లెక్కా పంచాంగం లెక్కా నాకొద్దు. ఇతను ఏది పాటిస్తాడు?"

"పంచాంగమే సర్."

"అయితే నిన్నటి జవాబే మళ్లీ చెప్పాడు." అమ్మాయి వైపు చూశాడు.

"పద్నాలుగు సర్," అంది.

వెంటనే స్కాన్‌కు తీసుకెళ్లారు. రక్తం ముందటికన్నా పెరిగింది. మధ్యాహ్నంలోగా తల తెరవాలన్నారు. తీసుకెళ్లేటప్పటికి బావ మళ్లీ నిద్రలోకి జారాడు. అక్క ఎంత పిలిచినా పలకలేదు.

ఆపరేషన్ బాగానే జరిగిందని చెప్పారు. కానీ ఆయన లేవలేదు. నోట్లో గొట్టం, పక్కన మిషను. అమ్మాయి ప్రతి ఉదయం వచ్చి ఆయన చెవి దగ్గర వంగి పిలిచేది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆదివారం ఉదయం, మిగతా రోగులకు టీ పోస్తున్న వేళ, బావ గుండె ఆగిపోయింది.

"నీ పేషెంటు. నువ్వే చెప్పు," అన్నాడు డాక్టరు ఆ అమ్మాయితో. ఆయన పక్కనే నిలబడ్డాడు గానీ ఒక్క మాటా అందివ్వలేదు. ఆమె చేతులు కట్టుకుని, తెలుగులో, తడబడకుండా చెప్పింది. అక్క అంతా విని నావైపు తిరిగింది.

"ఆయన పంచాంగం పాటిస్తారని నీకెవరు సెప్పారు?"

"ఇంట్లో గోడకున్నది అదే కదక్కా. నా లెక్క చూసి నవ్వేవాడు కదా."

"నీ ముందు నవ్వేవోరు. బోటెక్కే ముందు నా సేత నీకు ఫోన్ సేయించేవోరు కాదేటి? నీ తమ్ముడు ఏ తిథి అన్నాడో కనుక్కో అని. నాకెందుకురా తిథి?"

నిజమే. అక్క వారానికి ఒకటి రెండుసార్లు అడిగేది. ఉపవాసాలకేమో అనుకునేవాణ్ని.

"అయితే ఆ రోజు ఆయన సరిగ్గా సెప్పారు," అంది. "తెలివితోనే ఉన్నారు. మాతో ఆఖరుగా ఆడిన మాట తెలివితో ఆడిందే. అవునా, కాదా?"

స్కాన్‌లో రక్తం పెరిగింది నిజం. కళ్లు ఆలస్యంగా తెరిచింది నిజం. ఆ ఒక్క మాట నిన్నటిదో, నా లెక్క ప్రకారం ఆ రోజుదో తేల్చడానికి నా దగ్గర ఏ దారీ లేదు. ఆ మాటే అన్నాను.

అక్క అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు ఎన్నేశావమ్మా?"

"పద్నాలుగు, దీదీ."

"పదిహేనెయ్యి."

అమ్మాయి డాక్టరు వైపు చూసింది. ఆయన అప్పటికే ఐదో బెడ్డు దగ్గరకు వెళ్లి, ఆమె కోసం ఆగి ఉన్నాడు. "వేసింది మార్చకూడదు దీదీ," అంది. ఆమె గొంతు అప్పుడు తడబడింది. అక్క చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని అటు వెళ్లింది. ఐదో బెడ్డు మనిషిని అతని పేరేమిటని హిందీలో అడగడం మాకు వినపడింది.

అక్క మంచం కింది చాప బయటికి లాగి చుట్టడం మొదలుపెట్టింది. నేను రెండో కొస పట్టుకోబోతే వద్దంది.