మెమరీ నిండిన ఉదయం

ఉదయం ఆరు గంటలు, ముసురు. రాత్రి తిన్న రెండు రొట్టెలు ఎప్పుడో అరిగి కడుపు మండుతోంది. గోదావరిఖనిలో నేను ఊడ్చే చిన్న కంపెనీ ఆఫీసుకు మమత నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

రామకృష్ణాపూర్ పిల్ల. వాళ్ల నాన్న లింగమూర్తి, నేను ఒకే బొగ్గు గనిలో పనిచేశాం. ఆయన ఇంకా దిగుతూనే ఉన్నాడు. గనిలో గ్యాస్ పెరిగితే కూసే డబ్బా ఒకటి ఈ కంపెనీ కొత్తగా తయారుచేస్తోంది. దానికి మమత ప్రోగ్రాం రాస్తోంది. ఆ రోజు శనివారం. అంతా బాగుందని ఆ రోజే సంతకం పెట్టి ఇవ్వకపోతే ఆమె ఉద్యోగం పోతుంది.

“మొకం గట్ల గుంజుకపోయిందేంది బిడ్డా?”

“ప్రోగ్రాం ముక్కలు ముక్కలుగ మంచిగనే ఉంది కాకా. ఆఖరికి అన్నీ కలిపి, అక్కెర లేనియి తీసేసి, డబ్బాల పట్టేటట్టు చిన్నగ చెయ్యాలె. గప్పుడు ఈ కంప్యూటరు మొత్తం ఒక్కసారే మెమరీల పెట్టుకుంటది. నిండంగనే ఆగిపోతది. వారం సంది గిదే.”

“మీ చిన్నమ్మ తీరు. ఇంటెడు బట్టలు ఒక్క బకెట్ల నానేస్తది.”

నవ్వింది. బల్ల మీద డబ్బా పాత ప్రోగ్రాంతో నిమిషానికోసారి కూస్తోంది. అదే కంప్యూటరులో నడిచే పరీక్ష దానికి ఉత్తుత్తి గ్యాస్ లెక్క పంపుతుంది. అది కూయాలి.

ఫ్యాను రొద పెరిగింది. నేను చీపురు పట్టాను. ఉన్నట్టుండి రొద ఆగింది.

“అయింది కాకా! ఒక్క తప్పు లేదు!”

నేను మాత్రం చీపురు ఆపి చెవి పెట్టాను. గనిలో పని మొదలుపెట్టే ముందు కడ్డీతో పైకప్పు కొట్టి వింటాం. ఖంగుమంటే సరే, బోలుగా వినబడితే కూలుతుందని వెనక్కి నడుస్తాం. ఇరవై ఏళ్లు అలా వినీ వినీ, నాకు కంటికన్నా చెవే ముందు.

“బిడ్డా, డబ్బా కూస్తలేదు.”

ఆమె వెతికి చూసింది. మెమరీ చాలక కంప్యూటరే ఒక పనిని చంపేసింది. చచ్చింది ఆ పరీక్షే. తప్పు చెప్పేది లేదు కాబట్టి తప్పులు లేవు.

అప్పుడే కలిపిన కొత్త ప్రోగ్రాం డబ్బాలోకి ఎక్కించి పరీక్ష మళ్లీ మొదలుపెట్టింది. ఇద్దరం నిలబడి చూశాం. తెర మీద అంకెలు ఎర్రబడి పెరుగుతున్నాయి. డబ్బా మూగగా కూర్చుంది.

“కూత పెట్టే ముక్కతోని పని లేదనుకొని ఈ కంప్యూటరు, కలిపేటప్పుడు తీసి పారేసింది కాకా,” అంది మెల్లగా.

పది గంటలకు యజమాని రఘుపతి వచ్చాడు. అంతా విన్నాడు.

“తర్వాత సరిచేద్దాం. ముందు సంతకం పెట్టమ్మా.”

“మళ్ల కలపాలంటే వారం గావాలె సార్.”

“వారం ఎవరిస్తారు?”

“మా నాయిన ఇప్పుడు కిందనే ఉన్నడు సార్. మొదటి షిఫ్టు.”

“ఇన్నేళ్లు డబ్బాలు లేకుండా ఎలా బతికారో అలాగే బతుకుతారు.”

నేను టీ తెచ్చేసరికి మమత కుర్చీ ఖాళీ. కాగితం మీద సంతకం లేదు. నాకు కూడా ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయింది, ఆ శనివారం.