కాయిళ్ల బొమ్మ: చుక్కలా, గీతలా

మా బావకు కంట్లో శుక్లం తీయాలని దవాఖానాలో చెప్పిన వారమే యాసంగి నాట్లు పూర్తయ్యాయి. అంటే మోటర్లు కాలే కాలం మొదలైందన్నమాట. మెదక్‌లో బావది మోటరు రీవైండింగ్ దుకాణం. పాపన్నపేట వైపు నుంచి కాలిన బోరు మోటర్లు ఆటోల్లో దిగుతుంటాయి. పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగను కాయిళ్లుగా చుట్టి, మోటరు లోపలి గాడుల్లో దించి, ఏ కాయిలు కొసను దేనితో కలపాలో చూసి కలిపితే మోటరు మళ్లీ లేచి కూర్చుంటుంది. చుట్టడం, దించడం మా అక్క బావకంటే వేగంగా చేస్తుంది. కొసలు కలపడం మాత్రం బావ పని. ఆ లెక్క ఎక్కడా రాసి లేదు, ఆయన తలలోనే ఉంది. ఒక్క కొస తప్పు కలిసినా మోటరు గుర్రుమని, వేడెక్కి, మళ్లీ కాలిపోతుంది.

"కండ్లు మంచిగయ్యేదాక దుకాణం బందు పెడదాం," అన్నాడు బావ.

"బందు పెడితే రైతులు నర్సాపూర్ బాట పడ్తరు. ఒక్కపారి పడ్తె మల్ల ఇటు రారు," అంది అక్క. "నువ్వు నల్లద్దాలు పెట్టుకొని కూసో. నేను చేస్త." తర్వాత నా వైపు తిరిగింది. "తమ్మీ, లైబ్రరీల కుర్సీలు అరగదీసినవ్ గదా. మీ బావ తలకాయల ఉన్నదంత గీసి గోడకు పెట్టు."

పగలు ఎరువుల దుకాణంలో పని, సాయంత్రం గ్రంథాలయం, నా దినచర్య ఇంతే. నాకు డిగ్రీ లేదు, గ్రంథాలయం సభ్యత్వ కార్డు ఉంది. వెబ్‌పేజీ తయారు చేయడం అక్కడి పుస్తకాలు చూసే నేర్చుకున్నాను. కాబట్టి చేత్తో గీయడం నాకు చిన్నతనంగా తోచింది. గాడులెన్ని, పోల్స్ అనే అయస్కాంత ధ్రువాలెన్ని అని టైపు చేస్తే బొమ్మ దానంతటదే గీసుకునే పేజీ రాద్దామనుకున్నాను. మోటరుకో లెక్క ఉంటుంది మరి.

ఆపరేషన్‌కు ముందు బావ మంచం మీద కూర్చుని చెబుతుంటే నేను రాసుకున్నాను. మధ్యలో ఆయనకే అనుమానం వచ్చి గాలిలో వేళ్లు తిప్పుకునేవాడు. "జెర ఆగు బామ్మర్దీ. చేతులకు తెలుసు, నోటికి తెల్వదు," అనేవాడు.

పేజీ తయారైంది. గుండ్రంగా గాడులు, వాటి అంకెలు, ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో కాయిళ్లు, కొసల మధ్య కలుపులు, వాటి పక్కన తెలుగులో పేర్లు. ఇక తేల్చుకోవలసింది ఒకటే, ఈ బొమ్మను రాస్టర్‌గా ఇవ్వాలా, వెక్టర్‌గా ఇవ్వాలా? రాస్టర్ అంటే చుక్కల బొమ్మ, ఫోటో లాంటిది. వెక్టర్ అంటే గీతల బొమ్మ. అందులో చుక్కలుండవు, ఇక్కడి నుంచి అక్కడికి ఇంత మందం గీత గియ్యి అన్న ఆదేశాలుంటాయి. వెక్టర్ ఫైలు అక్క వాట్సాప్‌కు పంపి చూశాను.

"తెల్ల కాయితం బొమ్మ ఒకటొచ్చింది, ఒత్తితే తెరుసుకుంటలేదు," అంది అక్క.

చుక్కల బొమ్మ పంపితే వెంటనే తెరుచుకుంది. ఇంకేం, చుక్కలే ఖాయం చేశాను. అదే బొమ్మను ఫ్లెక్సీ షాపుకు పంపి తలుపంత సైజులో కొట్టమన్నాను.

ఆపరేషన్ అయిన మర్నాడు ఫ్లెక్సీ గోడెక్కింది. ఆ పొద్దునే పాపన్నపేట రైతు ఒకాయన కాలిన మోటరు దించాడు. నల్లద్దాల్లో కూర్చున్న బావను చూసి, "గిట్లయితే ఎట్ల? ఆటో ఇక్కడనే ఉన్నది, నర్సాపూర్ కొండవోతనే," అన్నాడు.

"ఎల్లుండి దాక ఆగన్నా. తిరగకపోతే నేనే ఆటో కిరాయి కట్టి పంపిస్త," అంది అక్క. ఆయన అరమనసుతో వెళ్లాడు.

అక్క కాయిళ్లన్నీ దించింది. కొసలు కలపడానికి ఫ్లెక్సీ ముందు నిలబడి, కాసేపటికి ముక్కు దానికి ఆనించేసింది.

"ఏందిరా ఇది, మూడా ఎనిమిదా?"

నేనూ చూశాను. ఫోను తెరకు సరిపడేలా తయారైన బొమ్మను షాపువాడు తలుపంతకు సాగదీశాడు. అంకెలు అలుక్కుపోయాయి. రెండు రంగుల గీతలు పక్కపక్కనే ఉన్నచోట బురద రంగు పట్టీ ఒకటే కనబడుతోంది.

"అందాదుగ కలపమంటవా?" అని చేతిలోని తీగ కింద పెట్టేసింది. "కాలితే మోటరొక్కటే కాదు, మా దుకాణం పేరు గూడ కాలుతది."

సాయంత్రం గ్రంథాలయానికి వెళుతూ బస్టాండు దగ్గర ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ముందు ఆగాను. దూరం నుంచి నవ్వుతున్న ముఖం. దగ్గరికి వెళితే బుగ్గ మీద గళ్ల లుంగీ పరిచినట్టు చదరాలు. ముఖానికి ఫరవాలేదు, ఎవరూ మీసం అంచును కొలవరు. మా బొమ్మలో గీత అంచే అసలు సంగతి. గ్రంథాలయంలో, నేను మొదట నేర్చుకున్న అట్ట ఊడిన గ్రాఫిక్స్ పుస్తకం తీసి, రాస్టర్, వెక్టర్ల అధ్యాయం మళ్లీ చదివాను. సర్వేయరు దగ్గర కొలతలుంటే పొలం పటం ఎంత పెద్దగానైనా గీయగలడు. వెక్టర్ కూడా అంతే. సాగదీయడం ఉండదు, కొత్త సైజులో మళ్లీ గీయడమే.

రాత్రే పేజీని మార్చి, మర్నాడు పొద్దున్నే వెక్టర్ ఫైలు పట్టుకుని గర్వంగా ఫ్లెక్సీ షాపుకు వెళ్లాను. గీతలు కత్తితో కోసినట్టు వచ్చాయి. తెలుగు అక్షరాలున్న చోటల్లా ఖాళీ డబ్బాలు.

"నా సిస్టంల మీ తెలుగు ఫాంటు లేదన్నా," అన్నాడు షాపతను. "డబ్బాలు గూడ మస్తు షార్ప్‌గున్నయి చూడు!"

అక్కకు ఫోటో పంపితే ఫోను చేసింది. "గీ డబ్బాలల్ల ఏం పెట్టినవ్ తమ్మీ, మిఠాయా?"

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. తప్పెక్కడో అప్పుడు అర్థమైంది. గీతలకు ఆదేశాలిచ్చాను గానీ, అక్షరాల ఆకారాన్ని ఆ కంప్యూటరుకే వదిలేశాను. అచ్చుకు వెళ్లే ఫైల్లో అక్షరాలను కూడా గీతలుగా మార్చాను. వెబ్‌పేజీలో మాత్రం అక్షరాలను అక్షరాలుగానే ఉంచాను, వెతికితే దొరకాలి కదా. వాట్సాప్ కోసం అదే బొమ్మ నుంచి పెద్ద సైజు చుక్కల బొమ్మ దించుకునే బటన్ పెట్టాను. రెండింట్లో ఒకటి తేల్చుకుంటే చాలనుకున్న నేను, గోడకు గీతలనీ, వాట్సాప్‌కు చుక్కలనీ ఒప్పుకున్నాను.

కొత్త ఫ్లెక్సీ ముందు అక్క ఒక్కో అంకె పైకి చదువుతూ కొసలు కలిపింది. వార్నిష్ పోసి ఆరబెట్టింది. చెప్పిన రోజుకు రైతు వచ్చాడు, ఆటోను గుమ్మం దగ్గరే ఆపించాడు. అక్క స్విచ్ మీద చెయ్యి పెట్టి నా వంక చూసింది. నాకు పుస్తకంలోని వాక్యం ఒక్కటీ గుర్తురాలేదు.

మోటరు ఒక్క ఊపున లేచి, సన్నగా, ఒకే తీరుగా పాడింది. లోపలి గదిలోంచి బావ గొంతు వినబడింది.

"గుర్రుమంటలేదే! కొసలెవరు కలిపిన్రు?"

"గోడనడుగు," అంది అక్క.

రైతు వంగి మోటరు మీద అరచెయ్యి ఆనించాడు. వేడెక్కలేదు. కాసేపు అలాగే ఉండి లేచాడు.

"చెల్లె, పొలం కాడ మా తమ్మునిది ఇంకొకటి కాలి ఉన్నది. పొద్దుగాల తేవాల్నా?"

"దానికి గాడులెన్నో చూసి చెప్పన్నా," అంది అక్క, అప్పటికే ఫోనులో నా పేజీ తెరుస్తూ.