సింహం పన్ను ఆకు

2006 డిసెంబరులో నన్ను చర్లలోని అటవీ ఉత్పత్తుల కొనుగోలు కేంద్రానికి క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. గూడేలవాళ్ళు తెచ్చిన వేర్లు, గింజలు, జిగురు పరీక్షించడం నా పని. కల్తీ తేలితే సేకరణ కార్డు రద్దు చేస్తాం. కార్డు లేనివాళ్ళ దగ్గర కేంద్రం గుప్పెడు ఇప్పపువ్వు కూడా కొనదు. ఏళ్ళ తరబడి మోసాలు చూసి, ఎవరు నవ్వుతూ దండం పెట్టినా సంచి అడుగు వెతికే మనిషినయ్యాను.

ఆ శీతాకాలం ఒక మందుల కంపెనీ డాండెలియన్ వేరు అడిగింది. ఆ మొక్కను నేను పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు. ఆకు అంచులు కోరల్లా వెనక్కి తిరిగి ఉండడంతో ఫ్రెంచివాళ్ళు దాన్ని సింహం పన్ను అన్నారట, ఇంగ్లీషు పేరు అందులోంచే వచ్చిందట. సంతలో అదే చెప్పి, ఆకు గీసిన కాగితాలు పంచాను.

ముత్తమ్మ అనే ఆమె రెండు బస్తాలు తెచ్చింది. హైదరాబాద్ ల్యాబుకు శాంపిలు పంపితే అది డాండెలియన్ కాదన్నారు. కార్డు పట్టుకుని రమ్మని కబురు పెట్టాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. ఆమె తడుముకోలేదు. అది గడుసుతనమనుకున్నాను.

"గీ ఆకే గద సారూ నువ్వు గీసిచ్చింది? మా దిక్కు గిసోంటి ఆకు గీ మొక్కకే ఉంటది" అంది. తర్వాత, బస్తా మూతికి కట్టిన మొక్క ఏదని అడిగింది.

వాళ్ళ గూడెంలో వేరు అమ్మేటప్పుడు ఆకూ పువ్వూ ఉన్న నిండు మొక్కనొకదాన్ని మూతికి కడతారట, కొనేవాడు లోపలేముందో చూసుకోవాలని. సరుకులో ఆకు ఉండకూడదన్న రూలు ప్రకారం నేనే దాన్ని పీకించి షెడ్డు వెనక పారేయించాను. వెళ్ళి తెచ్చాను. వాడిన కాడకు కొమ్మలు, కొమ్మకో పువ్వు. డాండెలియన్‌కు కొమ్మలుండవు, బోలు కాడ మీద ఒకటే పువ్వు. ఆ సంగతి నేను చదివిన పేజీలోనే కింద ఉంది. సిగ్గేసింది. మోసం చేసే మనిషి సాక్ష్యాన్ని మూతికి కట్టి తేదు.

తప్పు నాదని రిపోర్టు రాశాను. మెమో నాకొచ్చింది, కార్డు ఆమెకు మిగిలింది. పేరు మొక్కలో ఒక్క గుణాన్నే పట్టుకుంటుంది, ఆ ఒక్కటే చూపి మొక్కను తెమ్మనకూడదు. అనుమానించడం నా ఉద్యోగమే. అయితే దాన్ని నా మాట దగ్గర మొదలుపెట్టాలని అప్పటిదాకా నాకు తెలియదు.