సింతపండు, చాలూరు

సామాజిక భవనంలో కంప్యూటరు క్లాసు పెట్టినప్పుడు నాకు ఒళ్లు మండింది. రోజూ నేను పేపరు చదువుకునే మూలలోకే ఆ పెట్టెలు వచ్చి పడ్డాయి. అయినా నా కుర్చీ నేను వదల్లేదు.

మా పక్కింటి కోడలు కూడా చేరింది. చింతపండు పిక్క తీసే కూలిపని ఆమెది. సీజను పోతే పని పోతుంది. మా సాలూరులోనే ఒక లారీ ఆఫీసుకి తెలుగు టైపు చేసే మనిషి కావాలట. ఆ పని ఎలాగైనా సంపాదించాలని ఆమె పట్టుదల.

ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెర మీద తెలుగు పడుతుంది. ఆమె నోటికొచ్చినట్టే నొక్కింది. ‘సింతపండు’ అని పడింది. పట్నం నుంచి వచ్చి నేర్పే కుర్రాడు పగలబడి నవ్వాడు.

“సింత ఏంటండీ, సినిమాలో కామెడీలాగా!”

నాకు నషాళానికంటింది. మా మాట ఎవరికైనా నవ్వడానికే పనికొస్తుందా?

“ఒరే బాబూ, మావు సింతపండనే మీ పట్నానికి పంపుతన్నాం. తినీటప్పుడు పులుపేటైనా తగ్గిందేటి?”

“సారీ తాతగారూ” అన్నాడు. మంచివాడే, లోకం తెలీదు.

కానీ ఆ నవ్వు ఆమెకి గుచ్చుకుంది. మర్నాడు కనపడిన ప్రతి ‘స’నీ ‘చ’ చేసేసింది. సంచి చంచి అయింది, సరుకు చరుకు అయింది.

“ఒసే, చాలూరేటే? ఊరి పేరుకే ఎసరెట్టీసేవు!”

“ఏది సో, ఏది చో నాకెలా తెలుస్తాది తాతా? నా సెవికి రెండూ ఒకటే” అంది, కళ్లనీళ్లతో.

నిజమే. నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. లారీల వెనక రంగుతో రాసిన అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చాను.

“సెవిని నమ్మకు, కంటిని నమ్ము” అని చెప్పి, సాయంత్రాలు ఆమెని రోడ్డు పక్కన ఆగి ఉండే లారీల వరస వెంట నడిపించాను. రాసి ఉన్నదల్లా ఆమె పైకి చదివేది.

“ఏటి మావా, బండి కొంటావేటి?” అని ఒక డ్రైవరు వెక్కిరించాడు.

“నీ తుప్పు బండి నాకెందుకురా! దాని మీద రాత సాలు.”

పరీక్ష రోజు నేనూ వెళ్లి గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చున్నాను. లారీ ఆఫీసు యజమానిదీ మా నోరే.

“కొట్టమ్మా. సాలూరు నుంచి సింతపండు, సిన్న సంచులు.”

ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత టకటకమన్నాయి.

ఆయన తెర వైపు వంగి చూశాడు. “నేన్సెప్పింది సింత, నువ్వు కొట్టింది చింత. ఏటమ్మా ఇది?”

“మీ నోట్లో సింతే బాబూ. రాతలో చింత.”

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు కోపం తెప్పించలేదు. “రేపట్నుంచి వచ్చీ” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నా ఫోనులో ఆమె మెసేజి పడింది: ‘తాతా, పన్లో సేరాను. ముందు నీకు కాక ఎవులికి సెప్తాను?’

చ ఎక్కడ వేయాలో తెలిసిన పిల్ల. నాకు మాత్రం స వేసింది.